డాక్టర్ జాన్ స్నో: పంపు హ్యాండిల్ కథలో చెప్పని సంగతులు

కలరా నీళ్ళ వల్ల వస్తుందని చెప్పిన జాన్ స్నో గురించి ఎక్కడ చదివినా దాదాపు ఒకటే కథ ఉంటుంది. 1854లో లండన్‌లో కలరా వచ్చింది, ఈయన మ్యాప్ గీశాడు, చావులన్నీ ఒక పంపు చుట్టూ కనబడ్డాయి, వెంటనే వెళ్ళి ఆ పంపు హ్యాండిల్ పీకించాడు, కలరా ఆగిపోయింది, లోకం శభాష్ అంది. ఇందులో కలరా రావడం, హ్యాండిల్ పీకడం నిజమే. మ్యాప్ మాత్రం హ్యాండిల్ పీకేశాక ఎప్పటికో గీసింది. పీకే రోజుకే చావులు బాగా తగ్గిపోయాయి, ఆ ముక్క స్నోనే తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఇక శభాష్ సంగతా, నాలుగేళ్ళ తర్వాత ఆయన చనిపోతే లాన్సెట్ అనే వైద్య పత్రిక రెండు మూడు లైన్లు వేసి ఊరుకుంది, అందులో కలరా అన్న మాటే లేదు.

మరి ఆయన చేసిందేంటి, అంత స్పష్టంగా నిరూపిస్తే ఎందుకు ఒప్పుకోలేదు, ఒప్పుకోనివాళ్ళంతా మొద్దులా? కాదు. నాకైతే ఈ కథలో ఎక్కువ ఆసక్తిగా అనిపించేది ఆ ఒప్పుకోనివాళ్ళే, ఎందుకంటే వాళ్ళ దగ్గర కూడా లెక్కలున్నాయి, పైగా తప్పు సిద్ధాంతం పట్టుకునే లండన్‌కి మంచి డ్రైనేజీ కట్టించి పెట్టారు.

ముందు అప్పటివాళ్ళు ఏమనుకునేవాళ్ళో చూద్దాం. కలరా అంటే తెలంగాణలో గత్తర, కోస్తాలో మరిడి, మన ఊళ్ళకి అది కొత్త కాదు. 1817లో బెంగాల్లో విజృంభించి అక్కడినుంచి ఓడల మీద, సైన్యాల వెంట, వ్యాపారుల దారుల్లో పాకుతూ పాకుతూ 1831 అక్టోబరుకి ఇంగ్లండ్‌లో సండర్లండ్ రేవులో దిగింది. పొద్దున బాగున్న మనిషికి విరేచనాలు, వాంతులు మొదలై, కళ్ళు లోపలికి పోయి, ఒళ్ళు నీలంగా మారి సాయంత్రానికల్లా పోయేవాడు. ఎలా వస్తుందో ఎవరికీ తెలీదు. ఎక్కువమంది డాక్టర్లు నమ్మిందేంటంటే చెడుగాలి, అంటే కుళ్ళిన చెత్త, పెంట, మురుగు నుంచి లేచే ఆవిరి మనిషి పీల్చుకుంటే రోగమొస్తుందని.

ఇప్పుడు నవ్వొస్తుంది కానీ ఒక్కసారి వాళ్ళ వైపునుంచి చూడండి. కలరా ఎక్కువ ఎక్కడ? పేదల ఇరుకు వాడల్లో, నది ఒడ్డున పల్లంలో, కంపు కొట్టే చోట. విలియం ఫార్ అని ప్రభుత్వ జనన మరణాల రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసులో లెక్కలు చూసే ఆయన, చాలా తెలివైనవాడు, 1848–49 కలరాలో లండన్‌లో ఏ పేట థేమ్స్ నీటిమట్టానికి ఎంత ఎత్తులో ఉంది, అక్కడ ఎంతమంది పోయారు అని లెక్క వేస్తే, ఎత్తు పెరిగేకొద్దీ చావులు ఒక క్రమంలో తగ్గుతూ వచ్చాయి. అంకెలు అతికినట్టు సరిపోయాయి. నది దగ్గర చెడుగాలి చిక్కగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది, అందుకే ఇలా అన్నాడు. అంకెలు నిజమే, కారణమే తప్పు. పల్లంలో ఉండేవాళ్ళు తాగేది మురికి నీళ్ళు, గుట్టమీదవాళ్ళకి వచ్చేది కాస్త మంచి నీళ్ళు, అసలు సంగతి అదీ.

ఇదే నమ్మకంతో ఎడ్విన్ చాడ్విక్ అనే లాయరు, డాక్టర్ కాదు, ప్రజారోగ్యం అనే మాటకి ప్రభుత్వంలో చోటు తెచ్చిపెట్టాడు. 1842లో కార్మికుల వాడల మీద ఆయన రాసిన రిపోర్టు, 1848లో వచ్చిన ప్రజారోగ్య చట్టం ఇవన్నీ పెద్ద పనులే. అయితే ఆయన దృష్టిలో వాసనంటేనే రోగం. ఇళ్ళ కింద పాయఖానా గోతులు కంపు కొడుతున్నాయి కాబట్టి వాటిని డ్రైనేజీలోకి తిప్పి నీళ్ళతో తోసి థేమ్స్‌లో కలిపేయమన్నారు. సరిగ్గా 1848–49 కలరా నడుస్తున్నప్పుడే ఆ పని జోరుగా సాగింది. ఆ థేమ్స్ నీళ్ళే కంపెనీలు తోడి పైపుల్లో జనానికి అమ్మేవి! ఆ విడత కలరాకి లండన్లోనే దాదాపు 14 వేలమంది పోయారు.

ఇప్పుడు స్నో దగ్గరికొద్దాం. 1813 మార్చి 15న యార్క్ పట్నంలో ఊజ్ నది ఒడ్డున, వరదొస్తే మునిగే పేదపేటలో పుట్టాడు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవాడు, తండ్రి కూలిపని చేసేవాడు. పద్నాలుగేళ్ళకే న్యూకాజిల్‌లో విలియం హార్డ్‌కాజిల్ అనే సర్జన్ దగ్గర శిష్యరికానికి పంపారు. మెడికల్ కాలేజీ సీటు ఆ తర్వాత సంగతి, ముందు మన పాతకాలం కాంపౌండరు లాగా మందులు నూరడం, కట్లు కట్టడం అవన్నీ నేర్చుకున్నాడన్నమాట. కలరా ఆ వైపు వచ్చినప్పుడు గురువుగారు ఈ పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనికి పంపించాడు. గనిలో పనివాళ్ళు ఎనిమిది తొమ్మిది గంటలు భూమి లోపలే, కడుక్కోడానికి నీళ్ళుండవు, పాయఖానా ఉండదు, అక్కడే ఓ మూల కూర్చోవడం, అవే చేతులతో తెచ్చుకున్నది తినడం. ఇది ఆయన బుర్రలో ఉండిపోయింది, ఇరవై ఏళ్ళ తర్వాత పుస్తకంలో గనివాళ్ళ గురించి ప్రత్యేకంగా రాశాడు, చెడుగాలి కంటే చేతులే కారణమని.

మనిషి కాస్త ముభావి. పదిహేడేళ్ళకి మాంసం మానేశాడు, మందు ముట్టడు, మామూలు నీళ్ళు కూడా నమ్మడు, బట్టీ పట్టిన (డిస్టిల్డ్) నీళ్ళు తాగేవాడు. పెళ్ళి చేసుకోలేదు. 1836లో లండన్ చేరి, పరీక్షలు పాసై, సోహో పేటలో ఫ్రిత్ స్ట్రీట్ 54 నంబరు ఇంట్లో బోర్డు పెట్టాడు. 1844కి లండన్ యూనివర్సిటీ ఎండీ. ప్రాక్టీసు అంతంతమాత్రం, రోగులతో తియ్యగా మాట్లాడే రకం కాదు.

ఆయన దశ తిరిగింది మత్తుమందుతో. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ పీల్పించి ఆపరేషన్ చేశారు, రెండు నెలల్లో ఆ కబురు లండన్ వచ్చింది, అందరూ ఎగబడి వాడేస్తున్నారు, కొందరికి పనిచేస్తోంది కొందరికి లేదు. స్నో చేసిందేంటంటే, ఏ టెంపరేచర్ దగ్గర గాలిలో ఈథర్ ఎంత శాతం కలుస్తుందో టేబుల్ వేసి, టెంపరేచర్ అదుపులో ఉండేలా ఒక ఇన్‌హేలర్ తయారుచేసి, 1847లోనే దానిమీద పుస్తకం రాసేశాడు. తర్వాత క్లోరోఫామ్ వచ్చింది. 1848 జనవరిలో న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయడానికి క్లోరోఫామ్ ఇస్తే నిమిషాల్లో చనిపోయింది. మందు చెడ్డదా ఇచ్చే పద్ధతి చెడ్డదా అని గోల మొదలైతే, స్నో వాదన పద్ధతిదే తప్పని, గాలిలో క్లోరోఫామ్ మోతాదు పెరిగితే గుండె నేరుగా ఆగిపోతుంది కాబట్టి మోతాదు కొలిచి ఇవ్వాలని. ఆయన తన చేతులమీదుగా నాలుగువేలసార్లకు పైగా క్లోరోఫామ్ ఇచ్చాడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకి పిలిపించుకుంది, రుమాలు మీద కొద్దికొద్దిగా వేసి 53 నిమిషాలపాటు ఇచ్చాడు, 1857లో తొమ్మిదో కాన్పుకీ ఆయనే. కాన్పు నొప్పి దేవుడిచ్చింది, దాన్ని తగ్గించకూడదు అని వాదించేవాళ్ళకి రాణీగారే ఆ మందు తీసుకున్నాక మాట్లాడటం కష్టమైపోయింది.

ఇక్కడ చిన్న పక్కదారి, మన హైదరాబాద్‌కి సంబంధించింది కాబట్టి. క్లోరోఫామ్ చంపేది గుండె ఆపా, ఊపిరి ఆపా అన్న గొడవ స్నో పోయిన ముప్ఫై ఏళ్ళకి కూడా తెగలేదు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, హైదరాబాద్ మెడికల్ స్కూల్ పెద్ద, నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో 1888లో, 1889లో రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు నడిపించి వందల జంతువులమీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, ఊపిరి చూసుకుంటే చాలు అని తేల్చారు. రెండోదానికైతే లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టర్ని లాన్సెట్ తరఫున పంపారు. తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన ప్రయోగాల్లో క్లోరోఫామ్‌కి గుండె నేరుగా ఆగిపోవడం నిజమేనని తేలింది, అలాగని స్నో చెప్పినట్టు ఎక్కువ మోతాదుకే కాదు, తక్కువ మోతాదులో కూడా జరగొచ్చని తేలింది. అంటే ఇద్దరూ పూర్తిగా గెలవలేదు.

సరే, మత్తుమందుకీ కలరాకీ లింకేంటి అంటే, చాలా ఉంది. ఆవిరి గాలిలో ఎలా కలుస్తుందో, దూరం పోయేకొద్దీ ఎలా పలచబడుతుందో రోజూ కొలిచే మనిషి ఆయన. చెడుగాలి వీధుల వెంట పోయి ఒక ఇంట్లో వాళ్ళని చంపి పక్కింటివాళ్ళని వదిలేసిందంటే ఆయనకి మింగుడు పడలేదు. ఎముకలు ఉడికించే బట్టీల్లో, చర్మాలు ఊనేచోట రోజంతా ఆ కంపులో పనిచేసేవాళ్ళకి కదా ముందు రావాలి, వాళ్ళకి రావట్లేదు మరి. రెండోది, పీలిస్తే వచ్చే రోగమైతే ముందు ఊపిరితిత్తులో, రక్తమో చెడాలి, జ్వరం రావాలి. కలరాలో మొదటి దెబ్బ కడుపుకే. ఒంట్లో నీళ్ళన్నీ పేగుల్లోకి పోతాయి, రక్తం చిక్కబడుతుంది, మిగతావన్నీ దాని తర్వాతే. కాబట్టి ఇది మింగే వస్తువు, రోగి విరేచనాల్లోంచి బయటికొచ్చి ఎలాగో ఇంకొకరి నోట్లోకి పోతోంది, అక్కడ పెరుగుతోంది కూడా, ఇదీ ఆయన ఆలోచన. 1849లో ఒక చిన్న పుస్తకంగా వేశాడు, 31 పేజీలు. సూక్ష్మజీవి అన్న మాట లేదు, మైక్రోస్కోపులో చూసిందీ ఏమీ లేదు, ఒట్టి తర్కం.

ఉదాహరణకి థేమ్స్‌కి దక్షిణాన హార్స్‌లీడౌన్‌లో రెండు ఇళ్ళ వరసలు ఆనుకుని ఉన్నాయి, రెంటిలోనూ ఒకేలాంటి పేదవాళ్ళు, ఒకే కంపు. ఒక వరసలో ఇళ్ళముందు పారబోసిన మురుగు వాళ్ళ తాగునీటి బావిలోకి దిగిపోతోంది, అక్కడ చావులు బాగా ఎక్కువ, పక్క వరసలో ఒక్కటే చావు. దానికి ఒక మెడికల్ పత్రిక రాసిన సమీక్ష నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. బాగానే ఉంది గానీ మురికి నీళ్ళున్న చోట మురికి గాలి కూడా ఉంది కదా, నీళ్ళే కారణమని ఎలా చెప్తావు, ఆ నీళ్ళు తీసుకెళ్ళి కలరా లేని దూరప్రాంతంలో ఇస్తే తాగినవాళ్ళకి వచ్చి తాగనివాళ్ళకి రాకపోతే అప్పుడు నమ్ముతాం అన్నారు. మాట నిజమే, అలాంటి ప్రయోగం కావాలని ఎవరు చేస్తారు, మనుషుల్ని చంపినట్టే కదా. ఐదేళ్ళ తర్వాత అది దానంతటదే జరిగింది, ఒకటి కాదు రెండు.

మొదటిది దక్షిణ లండన్‌లో. అక్కడ సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్, లాంబెత్ అని రెండు నీళ్ళ కంపెనీలు ఒకప్పుడు పోటీపడి ఒకే వీధుల్లో పైపులు వేసుకున్నాయి, దాంతో ఒక ఇంటికి ఈ కంపెనీ నీళ్ళు, ఆనుకున్న ఇంటికి ఆ కంపెనీ నీళ్ళు. 1849లో రెండూ ఊరి మధ్యలో మురుగు కలిసిన థేమ్స్ నీళ్ళే ఇచ్చేవి. 1852లో లాంబెత్ వాళ్ళు తోడుకునే చోటుని ఎగువకి, థేమ్స్ డిటన్‌కి మార్చేశారు, అక్కడ లండన్ మురుగు అందదు. 1855 లోపు కంపెనీలన్నీ ఎగువకి పోవాల్సిందేనని చట్టం వచ్చింది కానీ రెండోవాళ్ళు గడువు దాకా బాటర్‌సీలోనే తోడుకుంటూ కూర్చున్నారు. 1854లో కలరా మళ్ళీ వచ్చేసరికి స్నో ముందు ఏముందంటే మూడు లక్షలమంది, గొప్పా బీదా అన్ని రకాలూ, గాలి ఒకటే, వీధి ఒకటే, తేడా నీళ్ళు మాత్రమే, పైగా ఎవరు ఏ గుంపులో ఉండాలో ఎవరూ ఎంచింది కాదు. ఈ రోజు క్లినికల్ ట్రయల్ చేసేవాళ్ళు కోట్లు ఖర్చుపెట్టి తెచ్చుకునేది ఆయనకి ఊరికే దొరికింది.

ఊరికే అంటే తేలిగ్గా అని కాదు. ఫార్ ఆఫీసు నుంచి చనిపోయినవాళ్ళ అడ్రసులు తీసుకుని ఒక్కో గడపా ఎక్కాడు. మీకు నీళ్ళిచ్చేది ఏ కంపెనీ అంటే అద్దెకుండేవాళ్ళకి తెలీదు, బిల్లు కట్టేది ఇంటి ఓనరు, ఆయనెక్కడో ఉంటాడు. అప్పుడు ఆయన పట్టిన ఉపాయం, మనలో ఇంటర్ సైన్స్ చదివినవాళ్ళకి చప్పున తెలిసిపోతుంది. కుళాయి నీళ్ళు ఒక సీసాలో పట్టుకెళ్ళి సిల్వర్ నైట్రేట్ వేయడం! ప్రాక్టికల్స్‌లో క్లోరైడ్ టెస్ట్ అని తెల్లటి పెరుగులాంటి ప్రెసిపిటేట్ వస్తే సంబరపడతాం చూడండి, అదే. బాటర్‌సీ దాకా సముద్రపు పోటు వస్తుంది, మురుగులోనూ ఉప్పుంటుంది, అందుకని ఆ నీళ్ళలో గ్యాలన్‌కి దాదాపు 38 గ్రెయిన్ల ఉప్పుంటే లాంబెత్ నీళ్ళలో ఒక్క గ్రెయిన్ కూడా లేదు. గిన్నెలో తెల్లగా చిక్కబడితే ఒక కంపెనీ, కొద్దిగా మసకేస్తే రెండోది. ఇంటివాళ్ళు చెప్పలేకపోయినా నీళ్ళే చెప్పేశాయి.

మొదటి ఏడు వారాల లెక్క ఇది. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ నీళ్ళు పోయే 40,046 ఇళ్ళలో 1,263 కలరా చావులు, అంటే పదివేల ఇళ్ళకి 315. లాంబెత్ నీళ్ళు పోయే 26,107 ఇళ్ళలో 98, అంటే పదివేలకి 37. మిగతా లండన్ అంతా కలిపితే పదివేలకి 59. ఎనిమిది రెట్ల పైన తేడా, గోడకి ఇటూ అటూ ఉన్న ఇళ్ళ మధ్య. నన్నడిగితే స్నో పేరు చెప్పగానే గుర్తుకు రావలసింది ఈ పని, పంపు కాదు. కానీ ఇందులో హీరో వెళ్ళి పీకడానికి హ్యాండిల్ లేదు కదా, అందుకే కథల్లోకి ఎక్కలేదనుకుంటా.

ఈ సర్వే మధ్యలో ఉండగానే ఆగస్టు 31 రాత్రి సోహోలో, ఆయన ఇంటికి నడిచెళ్ళేంత దూరంలో, బ్రాడ్ స్ట్రీట్ చుట్టూ కలరా ఒక్కసారిగా విరుచుకుపడింది. పది రోజుల్లో ఐదువందల పైచిలుకు, మొత్తమ్మీద 616 మంది పోయారు. కుటుంబాలకి కుటుంబాలు తాళాలేసి పారిపోయాయి. విచిత్రమేంటంటే బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళు చూడ్డానికి తేటగా ఉంటాయి, రుచికి కూడా బాగుంటాయని పక్క వీధులవాళ్ళు కూడా తమ పంపు వదిలేసి ఇక్కడికొచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు. స్నో కూడా మొదట్లో నీళ్ళు పరీక్షిస్తే పెద్దగా ఏమీ కనబడలేదు.

మళ్ళీ రిజిస్ట్రార్ ఆఫీసుకే పోయి ఆ వారం నమోదైన 83 చావుల లిస్టు తెచ్చుకుని ఇళ్ళకి బయల్దేరాడు. దాదాపు అన్నీ ఆ పంపు దరిదాపుల్లోనే, పది మాత్రం వేరే పంపు దగ్గరైన ఇళ్ళలో. ఆ పదింటిలో ఐదు కుటుంబాలు మేం ఎప్పుడూ బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళే తెప్పించుకుంటాం అన్నారు, ఇంకో ముగ్గురు ఆ పంపు దారిలో బడికెళ్ళే పిల్లలు. మిగతా 73లో 61 మంది ఆ నీళ్ళు తాగేవాళ్ళే. సెప్టెంబర్ 7 సాయంత్రం పేట పెద్దల బోర్డు మీటింగులో ఉంటే వెళ్ళి ఈ సంగతి చెప్పాడు, వాళ్ళు పూర్తిగా నమ్మారో లేదో గానీ పోయేదేముందిలే అన్నట్టు మర్నాడు హ్యాండిల్ తీయించారు. మ్యాప్ లేదు అప్పటికి. ఇంటింటి లెక్కే ఉంది.

అసలు బలమైన సాక్ష్యం చనిపోయినవాళ్ళ దగ్గర కాదు, చనిపోని వాళ్ళ దగ్గర దొరికింది. పంపుకి దగ్గర్లోనే ఒక బీరు ఫ్యాక్టరీ, డెబ్భైమందికి పైగా పనివాళ్ళు, ఒక్కడూ పోలేదు. ఓనర్ని అడిగితే మావాళ్ళకి బీరు ఫ్రీగా ఇస్తాం, వాళ్ళు నీళ్ళు తాగనే తాగరనుకుంటా, అయినా మాకు సొంత బావి ఉంది అన్నాడు. మందు ముట్టని స్నోకి బీరు తాగినవాళ్ళు సాక్ష్యం చెప్పారు! పోలండ్ స్ట్రీట్‌లో బీదవాళ్ళని పెట్టే వర్క్‌హౌస్, 535 మంది, చుట్టూ ఇళ్ళన్నీ చావులే, లోపల ఐదుగురే, వాళ్ళకీ సొంత బావే. బ్రాడ్ స్ట్రీట్‌లోనే తుపాకీ క్యాపులు చేసే ఈలీ వాళ్ళ ఫ్యాక్టరీలో పనివాళ్ళు తాగడానికి రెండు తొట్లనిండా పంపు నీళ్ళు పెట్టేవాళ్ళు, రెండొందల మందిలో 18 మంది పోయారు.

ఈ ఈలీ వాళ్ళ అమ్మగారిదే మరీ బాధ కలిగించే కథ. సుసానా ఈలీ, ముసలావిడ, భర్త పోయాక ఊరి బయట హాంప్‌స్టెడ్‌లో ఉంటోంది, నెలల తరబడి సోహో వైపు రాలేదు. కానీ ఆవిడకి బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళ రుచి అంటే ఇష్టం, అమ్మ అడిగింది కదా అని కొడుకులు రోజూ బండిలో ఒక సీసా నీళ్ళు పంపేవాళ్ళు. ఆగస్టు 31న వెళ్ళిన నీళ్ళు తాగింది, సెప్టెంబర్ 2న చనిపోయింది. చూడ్డానికొచ్చిన బంధువులమ్మాయి కూడా అవే తాగి ఇజ్లింగ్టన్ వెళ్ళి అక్కడ పోయింది. ఆ రెండు చోట్లా అప్పుడు కలరా లేనేలేదు. హాంప్‌స్టెడ్‌లో అవే నీళ్ళు తాగిన పనిమనిషికి మాత్రం పెద్దగా ఏమీ కాలేదు. 1849లో ఆ సమీక్షకుడు అడిగిన పరీక్ష అచ్చంగా ఇదే, దూరంగా తీసుకెళ్ళిన నీళ్ళు.

మరి హ్యాండిల్ పీకడం వల్ల ఏమైనా లాభం జరిగిందా? చావులు అప్పటికే పడిపోయాయి, సగం జనం ఊరొదిలి పోయారు కాబట్టి బావిలో విషం ఇంకా ఉందో పోయిందో చెప్పలేనని స్నోనే రాశాడు. ఇంతవరకే తెలిస్తే హ్యాండిల్ కథ ఉత్తదే అనిపిస్తుంది, ఈమధ్య అలా తేల్చిపారేసేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు. కానీ హెన్రీ వైట్‌హెడ్ దగ్గరికొస్తే మళ్ళీ తిరగబడుతుంది. ఈయన ఆ పేట చర్చిలో కుర్ర పాస్టరు, ఇంటింటా తెలిసినవాడు, స్నో చెప్పేది తప్పు అని నిరూపిద్దామని బయల్దేరాడు. స్నో వెళ్ళలేని ఇళ్ళకి కూడా మళ్ళీ మళ్ళీ వెళ్ళి, తాగి బతికినవాళ్ళనీ తాగకుండా బతికినవాళ్ళనీ అందర్నీ లెక్కేసేసరికి తనే మనసు మార్చుకోవాల్సొచ్చింది. 1855లో మరణాల రిజిస్టరు చూస్తుంటే బ్రాడ్ స్ట్రీట్ 40 నంబరు ఇంట్లో ఐదు నెలల పాప, సెప్టెంబర్ 2న చనిపోయింది, అంతకు నాలుగు రోజుల ముందునుంచే విరేచనాలు అని ఉంది. అంటే పేటలో అందరికంటే ముందు. 40 నంబరంటే సరిగ్గా పంపు ఎదురిల్లు. తల్లి సారా లూయిస్‌ని అడిగితే పాప గుడ్డలు బకెట్లో జాడించి ఇంటిముందు గోతిలో పోసేదాన్నంది. తవ్వించి చూస్తే ఆ గొయ్యికీ పంపు బావికీ మధ్య మూడడుగులు కూడా లేవు, ఇటుకలు అరిగి ఊడిపోయి మురుగు బావిలోకి ఊరుతోంది.

ఆ పాప తండ్రి థామస్ లూయిస్, పోలీసు, ఆయనకి కలరా మొదలైంది సెప్టెంబర్ 8న, హ్యాండిల్ పీకిన రోజే. పదకొండు రోజులు మంచంలో ఉండి పోయాడు. ఆయనవి కూడా అదే గోతిలోకే పోయుంటాయి కదా. హ్యాండిల్ ఉండుంటే, పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చి మళ్ళీ అవే నీళ్ళు పట్టుకునేవాళ్ళు. మొదటి విడతని ఆపలేదు గానీ రెండో విడత రాకుండా ఆ హ్యాండిల్ లేకపోవడమే కాపాడిందని చాలా గట్టిగా అనుకోవచ్చు.

ఇన్ని ఉన్నా ఆరోగ్య బోర్డు వేసిన సైంటిఫిక్ కమిటీ 1855లో సోహో కలరా మీద రిపోర్టు ఇస్తూ, నీళ్ళవల్లే అని నమ్మడానికి మాకేమీ కారణం కనబడలేదని రాసింది. మురికి నీళ్ళు ఒక కారణం కావచ్చు అనడానికి చాలామందికి అభ్యంతరం లేదు. స్నో అంటున్నది అది కాదు కదా, కలరాకి గాలితో పనే లేదు అంటున్నాడు. అదే ఎవరికీ గొంతు దిగలేదు, ఎందుకంటే గాలితో పనిలేదంటే పదిహేనేళ్ళుగా వాళ్ళు కట్టుకుంటూ వచ్చిన ప్రజారోగ్యం పునాదే కదులుతుంది.

దానికి తగ్గట్టు స్నో ఇంకో పని చేశాడు, ఇక్కడ మాత్రం ఆయన్ని కూడా పూర్తిగా వెనకేసుకు రాలేం. కంపు కొట్టే ఫ్యాక్టరీలని అదుపు చేసే బిల్లు మీద 1855 మార్చిలో పార్లమెంటు కమిటీ విచారణ జరిగితే, ఎముకలు ఉడికించేవాళ్ళు, కొవ్వు కాచేవాళ్ళ తరఫున వెళ్ళి సాక్ష్యం చెప్పాడు, ఆ వాసనలవల్ల రోగాలు రావు అని. కలరా వరకు అది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఆ ఆవిర్లు ఏ రకంగానూ ఆరోగ్యానికి హాని కాదనేదాకా పోయాడు, ఆ ఫ్యాక్టరీల పక్కన పేదవాళ్ళుంటున్నారు. లాన్సెట్ సంపాదకీయం మండిపడింది, ఈయనకి తెలిసిన సత్యమంతా మురుక్కాలవలోంచే వస్తుందని, తన పిచ్చిమీద సవారీ చేస్తూ మ్యాన్‌హోల్‌లో పడ్డాడు, ఇంక బయటికి రాలేకపోతున్నాడని ఎద్దేవా చేసింది. అదే ఏడు తన పుస్తకాన్ని బాగా పెంచి, మ్యాపులు వేసి, రెండొందల పౌన్ల పైన చేతిడబ్బు పెట్టి మళ్ళీ అచ్చేయించుకుంటే తిరిగొచ్చింది రెండొందల షిల్లింగులు కూడా కాదట, అంటే ఇరవైలో ఒక వంతు కూడా రాలేదు.

1858 జూన్ 10న క్లోరోఫామ్ మీద పుస్తకం రాస్తూ ఉండగా పక్షవాతం వచ్చింది, 16న పోయాడు. నలభై అయిదేళ్ళు. మత్తుమందులన్నీ ముందు తనమీదే వేసి చూసుకునేవాడు, అప్పటికే కిడ్నీలు పాడైపోయి ఉన్నాయి, రెండింటికీ లింకుందా అని ఇప్పటికీ డాక్టర్లు చర్చించుకుంటారు. చిత్రమేంటంటే సరిగ్గా ఆ జూన్‌లోనే లండన్‌లో ఎండలు మండి థేమ్స్ భరించలేని కంపు కొట్టింది. పార్లమెంటు కిటికీలకి బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో తడిపిన కర్టెన్లు కట్టుకుని కూర్చున్నారు, ఆ కంపుకి భయపడి ఏళ్ళతరబడి నానుతున్న డ్రైనేజీ బిల్లుని వారాల్లో పాస్ చేసేశారు. జోసెఫ్ బాజల్జెట్ అనే ఇంజనీరు నది పొడవునా పెద్ద పెద్ద భూగర్భ డ్రైనేజీలు కట్టి మురుగుని ఊరికి దిగువకి తోలేశాడు. వాసన పోవాలని కట్టారు, పోయింది కలరా.

ఒక్క చోట తప్ప. 1866లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు తూర్పు లండన్‌కి ఆ డ్రైనేజీ ఇంకా కలపలేదు, చావులు అయిదు వేలు దాటాయి, దాదాపు అన్నీ అక్కడే. ఈసారి చావుల లెక్కలు చూస్తున్నది మళ్ళీ ఆ విలియం ఫారే, ఎత్తుని బట్టి కలరా అన్నాయన. ఈసారి ముందు నీళ్ళ కంపెనీల మ్యాప్ తీశాడు, చావులన్నీ ఈస్ట్ లండన్ వాటర్ కంపెనీ ఓల్డ్ ఫోర్డ్ రిజర్వాయరు నుంచి నీళ్ళు పోయే ఇళ్ళలోనే. కంపెనీ ఇంజనీరు పేపర్‌కి ఉత్తరం రాశాడు, మేం ఫిల్టర్ చేయని నీళ్ళు కొన్నేళ్ళుగా ఒక్క చుక్క కూడా వదల్లేదని. అయితే ఆ కంపెనీ పైపుల్లోంచి ఈల్ చేపలు వచ్చాయని ఇళ్ళవాళ్ళు చెప్పారు. ఫిల్టర్లోంచి చేపెలా వస్తుంది? విచారిస్తే మూతలేని పాత చెరువులోంచి నీళ్ళు కలిపేశారని బయటపడింది. నీళ్ళు కాచి తాగండి అని గోడలకి నోటీసులు అంటించారు, ఫార్ తన రిపోర్టులో నీళ్ళే కారణమని రాసుకొచ్చాడు, స్నో పేరు చెప్పి మరీ రాశాడు. లాన్సెట్ మాత్రం తన పాత సంతాప వార్తని సరిదిద్దుతూ కలరా సంగతితో సహా పూర్తిగా వేసింది 2013లో.